మేఫ్లవర్ ఓడలో పిల్లలు: 3, 4 తరగతులకు రెండు పీరియడ్లలో ఎలా చెప్పాలి?

మూడో బెంచీ:
డల్లాస్ దగ్గర ఆదివారం తెలుగు బడి. పిల్లలు 24 మంది, వయసు 8, 9 ఏళ్ళు. నవంబరులో వాళ్ళ ఇంగ్లీషు బడిలో 1620లో ఇంగ్లండు నుంచి అమెరికాకు వలసవాళ్ళను తెచ్చిన మేఫ్లవర్ ఓడ పాఠం వస్తుంది. దాన్నే మేం తెలుగులో, ఓడలో ఉన్న పిల్లల వైపు నుంచి చెప్పాలనుకుంటున్నాం. 45 నిమిషాల పీరియడ్లు రెండే. గది 20 అడుగులు × 30 అడుగులు. సింకు ఉంది, పొయ్యి లేదు. కాగితం టోపీలు, టర్కీ కోడి బొమ్మలు మాత్రం వద్దు. ఏం పెడితే నిలుస్తుంది, ఏం పెడితే రసాభాస అవుతుంది?

పాతకాగితం:
ఓడ బొమ్మతో కాదు, ప్రయాణికుల జాబితాతో మొదలుపెట్టండి. అదే ఓడలో వచ్చి, వాళ్ళు అమెరికాలో కట్టుకున్న ప్లిమత్ ఊరికి గవర్నరైన విలియం బ్రాడ్‌ఫోర్డ్ దాదాపు 30 ఏళ్ళ తర్వాత కూర్చుని రాసిన జాబితా ఉంది. అది అక్షరక్రమంలో ఉండదు, ఇళ్ళ వరుసలో ఉంటుంది. ముందు ఇంటి పెద్ద, ఆయన భార్య, పిల్లలు, ఆ కింద పనివాళ్ళు. పిల్లవాడు ఎవరి పేరు కింద ఉన్నాడన్నదే అసలు సంగతి. అందరూ అమ్మానాన్నలతో వచ్చినవాళ్ళు కాదు.

24 కార్డులు చేయండి, పిల్లకి ఒకటి. పైన పేరు, వయసు, "ఎవరి కింద" అని మూడు గళ్ళు. సులువుగా దొరికేవి:

హాప్కిన్స్ ఇంట్లో కాన్‌స్టన్స్ (14), గైల్స్ (12), రెండేళ్ళ డమారిస్. అలర్టన్ ఇంట్లో బార్తొలొమ్యూ, రిమెంబర్, మేరీ. బ్రూస్టర్ ఇంట్లో లవ్, రెజ్లింగ్. బిల్లింగ్టన్ అన్నదమ్ములు జాన్, ఫ్రాన్సిస్. మేరీ చిల్టన్, ఎలిజబెత్ టిల్లీ ఇద్దరికీ పదమూడేళ్ళ చొప్పున. వీళ్ళు కన్నవాళ్ళతో వచ్చారు.

ఏడాది పిల్ల హ్యుమిలిటీ కూపర్, 16 ఏళ్ళ హెన్రీ శాంసన్ వచ్చింది ఎడ్వర్డ్ టిల్లీ దంపతులతో. వీళ్ళు ఆ దంపతులకు బంధువుల పిల్లలు. జాన్ హుక్ అలర్టన్ దగ్గర పనికుర్రాడు. విలియం లేథమ్ కార్వర్ దగ్గర.

ఇక మోర్ పిల్లలు నలుగురు: ఎలెన్ (8), జాస్పర్ (7), రిచర్డ్ (సుమారు 6), మేరీ (4). నలుగురినీ మూడు ఇళ్ళకు పంచారు. ఎలెన్ విన్‌స్లో దగ్గర, జాస్పర్ కార్వర్ దగ్గర, మిగిలిన ఇద్దరూ బ్రూస్టర్ దగ్గర. బ్రాడ్‌ఫోర్డ్ ఇక్కడ తప్పు రాశాడు. రిచర్డ్‌తో ఉన్నది "అతని సోదరుల్లో ఇంకొకడు" అన్నాడు, నిజానికి అది చెల్లెలు మేరీ. ఈ తప్పును దాచకండి. ఒకే ఓడలో వచ్చి, ఆ చలికాలమంతా వీళ్ళతో గడిపిన మనిషే నాలుగేళ్ళ పిల్లను మగపిల్లాడని రాశాడంటే, చిన్నపిల్లల సంగతి కాగితాల్లో ఎంత పలచగా మిగిలిందో మీరు విడిగా చెప్పక్కర్లేదు.

కార్డులు పంచాక ఒకటే పని: "మీ పిల్లను తీసుకొచ్చిన పెద్దవాళ్ళ దగ్గరికెళ్ళి నిలబడండి." గది నాలుగు మూలలా, మధ్యలోనూ ఇంటి పెద్దల పేర్లు అంటించి ఉంచండి. మోర్ పిల్లలు నలుగురూ మూడు దిక్కులకు విడిపోవడం అందరూ చూస్తారు.

కొత్తగాలి:
ఆ నలుగురినీ ఎందుకు పంపారని పిల్లలు అడుగుతారు కదండీ. 8 ఏళ్ళవాళ్ళకి ఏం చెప్పాలి?

పాతకాగితం:
ఉన్నంత చెప్పండి, వయసుకు తగినంతే. శామ్యూల్ మోర్, కేథరిన్ భార్యాభర్తలు. ఈ పిల్లలు తన పిల్లలు కారని శామ్యూల్ నమ్మాడు. 1620లో వాళ్ళను తల్లికి దూరంగా పంపేశాడు. తల్లి ఒప్పుకోలేదు, న్యాయాధికారి దాకా వెళ్ళింది. 1622లో శామ్యూల్ ఇచ్చుకున్న సంజాయిషీ వల్లే మనకు ఇదంతా తెలిసింది. ఏడేళ్ళు తిండి, బట్ట, నీడ ఇవ్వాలి, ఆ తర్వాత తలా 50 ఎకరాలు ఇవ్వాలి అన్నది ఒప్పందం.

మూడో తరగతికి: "నాన్న వాళ్ళని ఉంచుకోనన్నాడు. అమ్మ పంపనంది. అప్పటి చట్టం నాన్న మాటే విన్నది." ఇంతకన్నా అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్ళ పిల్లలు మీ తరగతిలోనూ ఉండొచ్చు. మోర్ కార్డులు నాలుగూ ఎవరికివ్వాలో ముందే ఎంచుకోండి, చీటీలు తీయించకండి.

లెక్కలమాస్టారు:
చోటు లెక్క నా వంతు. అసలు ఓడ నక్షా ఏదీ మిగల్లేదు, కాబట్టి కొలతలన్నీ అంచనాలే. ఆ మాట పిల్లలకు మొదటే చెప్పేయండి. బ్రాడ్‌ఫోర్డ్ 180 టన్నుల ఓడ అన్నాడు. అది బరువు కాదు. టన్ను అంటే అప్పట్లో ఒక పెద్ద ద్రాక్షసారా పీపా. అలాంటివి 180 పట్టే ఓడ అని అర్థం. మనుషుల్ని ఎక్కించడానికి కట్టింది కాదు, సరుకు ఓడ.

ప్రయాణికులు 102 మంది ఉన్నది నడిమి డెక్కులో. సాధారణంగా వేసే అంచనా 58 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు, ఐదున్నర అడుగుల ఎత్తు.

58 × 24 = 1,392 చదరపు అడుగులు. 102తో భాగిస్తే తలకి 13.6. మీ 24 మందికి 326. అంటే 18 × 18 చతురస్రం గీస్తే సరిగ్గా సరిపోతుంది, మీ గదిలో పడుతుంది. గోడలకు రంగులేసేవాళ్ళు వాడే నీలం టేపు 72 అడుగులు కావాలి, ఒక్క చుట్ట చాలు. తివాచీ మీద ఆ టేపు పది నిమిషాల్లో లేచిపోతుంది, అక్కడైతే సుద్దముక్క గానీ మందపాటి ఊలుదారం గానీ వాడండి.

ఇప్పుడు ఆ చతురస్రంలో రెండు బెంచీలు చివరా చివరా కలిపి పెట్టండి. అది షాలప్, అంటే విడదీసి డెక్కులో పేర్చి తెచ్చుకున్న చిన్న పడవ. కొంతమంది దాంట్లోనే పడుకున్నారు. ఒక కుర్చీ తెరచాప స్తంభం. ఒక మూలన అట్టపెట్టెలు, ఎవరి మూటలు వాళ్ళవి. 13.6 అన్నది కాగితం మీద లెక్క, సామాను పెట్టగానే అది ఎంతకు పడిపోయిందో పిల్లలే కొలత టేపుతో కొలిచి తీసేయాలి. ఈ తీసివేత చేయించకపోతే "ఓహో, బాగానే పట్టారే" అనుకుని లేస్తారు.

ఎత్తుకి ఐదున్నర అడుగుల దగ్గర, అంటే 168 సెంటీమీటర్ల దగ్గర, గోడ నుంచి గోడకి పాత న్యూస్‌పేపరు పట్టీ అతికించండి. తాడు కట్టకండి, ఎవరి మెడకో తగులుతుంది. కాగితమైతే చిరుగుతుంది, అంతే. పిల్లలు దాని కింద నిటారుగా నడుస్తారు, టీచరు వంగాలి. ఆ డెక్కులో నడుం నొప్పి లేకుండా తిరిగింది పిల్లలొక్కరేనని అప్పుడు తెలుస్తుంది.

గోదారిగట్టు:
అటూ ఇటూ ఊపితే ఇంకా బాగుంటుందేమో? చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టి...

లెక్కలమాస్టారు:
వద్దండి. 24 మందిలో ఒక్కరికి వాంతైతే చాలు, పాఠం అక్కడితో ఆఖరు. తుపాను సంగతి మాటల్లో చెప్పండి.

చుక్కాని:
తుపాను అంటే దూలం కథ చెప్పండి, పిల్లలు బాగా వింటారు. నడిసముద్రంలో ప్రధాన దూలం ఒకటి వంగి పగిలింది. వెనక్కి పోదామా అని చర్చ జరిగింది. హాలండ్ నుంచి తెచ్చిన పెద్ద ఇనుప మర (స్క్రూ) ఒకటి ప్రయాణికుల దగ్గర ఉంది. దాంతో దూలాన్ని పైకెత్తి, కింద గుంజ నిలబెట్టి బిగించారు. కారు జాకీ ఎలా ఎత్తుతుందో బల్ల మీద చూపించండి. ఆ మర అచ్చు యంత్రానిదని కొన్ని చోట్ల రాస్తారు. బ్రాడ్‌ఫోర్డ్ అలా అనలేదు, అది ఊహ.

మూడో బెంచీ:
ఎన్ని రోజులు అన్నదాంట్లో తికమక ఉంది. ఒక చోట సెప్టెంబరు 6, ఇంకో చోట 16. 64 రోజులా, 66 రోజులా?

లెక్కలమాస్టారు:
రెండూ సరైనవే. ఇంగ్లండు అప్పటికి పాత పంచాంగంలోనే ఉంది, మన క్యాలెండరుకు 10 రోజులు వెనక. పాత లెక్కలో సెప్టెంబరు 6న ఇంగ్లండులోని ప్లిమత్ రేవు వదిలారు, నవంబరు 9న నేల కనిపించింది, నవంబరు 11న లంగరు వేశారు. నేల కనబడేదాకా 64, లంగరు దాకా 66. కొత్త లెక్కలో సెప్టెంబరు 16, నవంబరు 21. కూడితే మళ్ళీ 66. ఏదో ఒక పంచాంగం పట్టుకోండి. బయలుదేరిన తేదీ ఒకదాంట్లోంచి, చేరిన తేదీ ఇంకోదాంట్లోంచి తీసుకుంటే 56 లేదా 76 వస్తుంది. వర్క్‌షీట్లలో దొర్లే తప్పు ఇదే.

పాతకాగితం:
నన్నడిగితే 66 అన్న అంకెనే పక్కన పెట్టమంటాను. అది ఓడ లెక్క, పిల్లల లెక్క కాదు.

లండన్‌లో ఎక్కిన పిల్లలు 1620 జూలై మధ్యలోనే ఎక్కారు. ఆగస్టు 5న సౌతాంప్టన్ వదిలితే, తోడొస్తున్న స్పీడ్‌వెల్ ఓడకు నీరు కారడం మొదలైంది. డార్ట్‌మత్‌కు తిరిగారు, బాగు చేశారు. మళ్ళీ బయలుదేరితే మళ్ళీ కారింది. ప్లిమత్‌లో దాన్ని వదిలేసి, దాంట్లోవాళ్ళలో చాలామందిని మేఫ్లవర్‌లోకి ఎక్కించారు. డెక్కు కిక్కిరిసింది అందుకే.

లంగరు వేసిన రోజున పిల్లలు దిగిపోలేదు. నవంబరు 13 సోమవారం ఆడవాళ్ళు బట్టలుతకడానికి ఒడ్డుకు వెళ్ళారు. ఇళ్ళు కట్టాలి, చలికాలం, జబ్బులు. చివరి ప్రయాణికులు ఓడ దిగింది 1621 మార్చి 21న. జూలై నుంచి మార్చి, అంటే ఎనిమిది నెలలు. గోడకు కాలరేఖ అంటించి వారానికి ఒక గడి చొప్పున 35 గళ్ళు గీయించండి. అందులో సముద్రం దాటినవి తొమ్మిదిన్నరే. మిగతాదంతా రేవుల్లో నిరీక్షణ, ఎదురుగా నేల కనిపిస్తున్నా ఓడలోనే కాపురం.

వంటింటిశాస్త్రం:
తిండి. పొయ్యి లేదన్నారు కాబట్టి ఇంట్లో కాల్చి తీసుకెళ్ళేది ఓడ బిస్కత్తు ఒకటే.

గోధుమపిండి 500 గ్రాములు, ఉప్పు ఒక చెంచా, నీళ్ళు 200 నుంచి 220 మి.లీ. నూనె, పాలు, పంచదార ఏవీ వద్దు, పూరీ పిండికన్నా గట్టిగా తడపండి. అరగంట నాననిచ్చి సెంటీమీటరు మందాన వత్తి, రెండంగుళాల చతురస్రాలుగా కోసి, పుల్లతో ఒక్కోదానికి 16 చిల్లులు, అడుగుదాకా దిగేలా. 180 డిగ్రీల ఒవెన్‌లో 40 నిమిషాలు, తిరగేసి ఇంకో 30. ఆపేశాక రాత్రంతా ఒవెన్‌లోనే వదిలేయండి.

చెడేది ఎక్కడంటే, పైన ఎర్రబడగానే తీసేస్తారు. మధ్యలో తడి ఉంటుంది, మూడు నాలుగు రోజుల్లో బూజు. ఒకటి విరిచి చూడండి. టప్పున విరిగి లోపల పొడిపొడిగా ఉంటే అయినట్టు, వంగి విరిగితే కానట్టు. చిల్లులు తక్కువైతే పూరీలా ఉబ్బుతుంది, ఆ బుడగలో తేమ చేరుతుంది.

పిల్లల చేత కొరికించకండి, ఈ వయసులో ముందు పళ్ళు ఊగుతుంటాయి. గోరువెచ్చని నీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి చెంచాతో తినిపించండి. గోధుమ పడనివాళ్ళెవరో ముందే కనుక్కోండి.

మిగతావి చూపించడానికే: ఎండు బఠాణీలు, గట్టి చీజ్ ముక్క, రాళ్ళుప్పు. ఉప్పు మాంసం గురించి చెబితే చాలు. తుపానులో నిప్పు రాజేయనివ్వరు, కొయ్య ఓడ కదా, అప్పుడంతా చద్దితిండే.

సరదా లెక్క ఒకటి. సౌతాంప్టన్‌లో రేవు బాకీలు తీర్చడానికి వాళ్ళు 60, 80 ఫిర్కిన్ల వెన్న అమ్మేశారు. ఫిర్కిన్ అంటే సుమారు 25 కిలోలు. 1,500 నుంచి 2,000 కిలోలు! బిస్కత్తు నానబెట్టి నోట్లో పెట్టుకున్నాక ఈ లెక్క చేయించండి.

కొత్తగాలి:
నీళ్ళ బదులు బీరు తాగారని ఎవరో ఒకరు చెప్పేస్తారు. తల్లిదండ్రులు ఏమంటారో.

వంటింటిశాస్త్రం:
నిజమే కాబట్టి చెప్పండి. పీపాల్లో నీళ్ళు వారాల తరబడి ఉంటే పాచి పట్టి వాసనేసేవి. పలచని బీరు కాస్త ఎక్కువ రోజులు నిలిచేది, పిల్లలకూ అదే పోసేవారు. రెండు వాక్యాలు చెప్పి ముందుకెళ్ళిపోండి. ఆగి నవ్వారా, ఆ రోజు ఇంటికెళ్ళేది ఆ ఒక్క ముక్కే.

గోదారిగట్టు:
బాత్రూం?

చుక్కాని:
బకెట్లు. దాటేయకండి, పిల్లల మొదటి ప్రశ్న అదే. తుపాను రోజుల్లో పైకి పోనివ్వరు, బకెట్ కింద డెక్కులోనే, అదీ దొర్లేది. మీ టేపు ఓడలో ఒక ఖాళీ బకెట్ పెట్టండి. ఎవరూ దాని పక్కన కూర్చోరు, చోటు ఇంకా తగ్గుతుంది.

ఓడలో కాలం ఎలా తెలిసేదో చూపడానికి ఇసుక గడియారం పెట్టుకోండి. అరలీటరు ప్లాస్టిక్ సీసాలు రెండు. మూతలు వీపుకు వీపు జిగురుతో అతికించి, ఆరాక రెండింటికీ కలిపి ఒకేసారి 3 మి.మీ. చిల్లు వేయండి. విడివిడిగా వేస్తే చిల్లులు కలవవు. ఇసుకను పిండి జల్లెడ పట్టి, ఎండలో ఆరబెట్టి పోయండి. మెత్తని ఉప్పు పోస్తే తేమకి గడ్డకట్టి ఆగిపోతుంది. సెకనుకి సుమారు ఒక గ్రాము జారుతుంది, 300 గ్రాములు పోస్తే ఐదు నిమిషాలు. మీ ఇసుక మీదిది, కాబట్టి ఒక నిమిషం జారనిచ్చి తూచి సరిచేసుకోండి.

ఓడల్లో వాడింది అరగంట గడియారం. ఎనిమిది తిప్పులకు ఒక కాపలా మారుతుంది. రోజుకు 48 తిప్పులు, 66 రోజులకు 3,168. స్పెయిన్ ఓడల్లో ఈ పని కుర్రాళ్ళదే, తిప్పినప్పుడల్లా పాట పాడేవారు కూడా. ఇక్కడ ఓడ కుర్రాడినీ ప్రయాణికుల పిల్లనీ కలిపేయకండి. ఒకరు కూలికి పనిచేసేవారు, ఇంకొకరికి పైకి రావడానికే అనుమతి కావాలి.

టేపు ఓడలో అందరూ ఐదు నిమిషాల ఇసుక జారేదాకా కూర్చోవాలి. మూడో నిమిషంలో మోకాళ్ళు తగిలి గొడవ మొదలవుతుంది. అక్కడ ఆపకండి, ఇసుక అయిపోనివ్వండి. బిల్లింగ్టన్ కుర్రాడి సంగతి చెప్పాల్సింది అప్పుడే.

మూడో బెంచీ:
ఏమిటది?

చుక్కాని:
డిసెంబరు 5, ఓడ అమెరికా తీరంలో కేప్ కాడ్ దగ్గర లంగరు వేసి ఉంది. తండ్రి లేనప్పుడు ఆ కుర్రాడు తుపాకిమందు తీసి టపాకాయలు చేశాడు, తండ్రి గదిలో ఉన్న తుపాకి అక్కడే పేల్చాడు. నిప్పుకు నాలుగడుగుల దూరంలో మంచం, గదిలో సగం నిండిన మందు పీపా, చుట్టూ చెల్లాచెదురుగా మందు, జనం. ఎవరికీ ఏమీ కాలేదు. 1622లో లండన్‌లో అచ్చయిన వృత్తాంతంలో ఇది ఉంది. అందులో తండ్రి పేరు ఫ్రాన్సిస్ అని పడింది. తండ్రి జాన్, ఫ్రాన్సిస్ కొడుకు. చేసింది ఫ్రాన్సిసే అని మామూలుగా అనుకుంటారు.

అల్లరి పిల్లాడి కథగా చెప్పొద్దు. నాలుగు నెలలుగా ఆ పెట్టెలో ఉన్న పద్నాలుగేళ్ళవాడు. ఐదు నిమిషాలు కూర్చున్న పిల్లలకి ఆ ముక్క వెంటనే అందుతుంది.

గోదారిగట్టు:
పేర్లు కూడా వాడుకోండి. రిమెంబర్ అంటే గుర్తుంచుకో, రిజాల్వ్డ్ అంటే దృఢనిశ్చయుడు, హ్యుమిలిటీ అంటే వినయం. మనకు పుల్లయ్య, పెంటమ్మ లాంటి మొక్కు పేర్లు ఉన్నట్టే వాళ్ళకి భక్తి పేర్లు. నడిసముద్రంలో పుట్టినవాడు ఓషియానస్. పెరెగ్రిన్ వైట్ కూడా సముద్రం మీదే పుట్టాడని రాసేస్తుంటారు. అతను పుట్టింది లంగరు వేశాక, ఓడలోనే, నవంబరు చివర్లో. పెరెగ్రిన్ అంటే పరదేశి, బాటసారి.

కొత్తగాలి:
రెండో పీరియడు గురించి. ఖాళీ నేల మీదికి దిగినట్టు చెప్పకండి. వాళ్ళు ఊరు కట్టుకున్న చోటు పటుక్సెట్, అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ ప్రజల గ్రామం. 1616 నుంచి 1619 దాకా సాగిన మహమ్మారిలో ఆ ఊరు తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఊరివాడైన టిస్క్వాంటమ్‌ను 1614లో థామస్ హంట్ అనే ఓడ కెప్టెన్ ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మాడు. అదీ ఒక సముద్రప్రయాణమే, ఎదురు దిశలో. 1621లో బిల్లింగ్టన్ పెద్దకొడుకు జాన్ అడవిలో తప్పిపోతే, ఐదు రోజులు కాయలు తిని బతికినవాణ్ణి నాసెట్ అనే ఆదివాసీ ప్రజలు తిరిగి అప్పగించారు. పిల్లల పాఠంలో ఈ కథకి చోటుండాలి.

ఇంకో సందేహం. 1619లో వర్జీనియాకు తెచ్చిన ఆఫ్రికన్ల సంగతి? టేపు ఓడ దానికీ వాడొచ్చా?

పాతకాగితం:
వాడకూడదు. ఈ విషయంలో బేరం లేదు. మేఫ్లవర్ డెక్కు గీయొచ్చు, బానిస ఓడ అడుగు గీసి పిల్లల్ని పడుకోబెట్టడం ఎంత మంచి ఉద్దేశంతోనైనా తప్పు. అది అనుభవం కాదు, ఆట అయిపోతుంది, లేదా ఒక పిల్లకి గాయం అవుతుంది. 12 దాటినవాళ్ళకి పత్రాలు చాలు. ఆ ఆఫ్రికన్లు మొదట ఉన్నది 1619లో అంగోలాలోని లువాండా వదిలిన సావో జోవావో బవుటిస్తా ఓడలో. అందులో 350 మంది బందీలు, మెక్సికోలోని వెరాక్రూజ్ చేరింది 147 మంది. దారిలో జమైకాలో 24 మంది పిల్లల్ని అమ్మారని లెక్కల పుస్తకంలో ఉంది. పేర్లు లేవు. మీ 24 కార్డుల పక్కన ఆ ఒక్క వాక్యం పెడితే పెద్ద తరగతికి పాఠం దానంతటదే నడుస్తుంది. అదే ఏడాది లండన్ వీధుల నుంచి వంద మంది అనాథ పిల్లల్ని వర్జీనియాకు పంపారు. ఇష్టపడనివాళ్ళనూ పంపేందుకు 1620లో అనుమతి తెచ్చుకున్నారు.

గోదారిగట్టు:
తెలుగు బడి కాబట్టి 1860 ట్రూరో ఓడ కూడా చెప్పొచ్చుగా? మద్రాసు నుంచి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది, 342 మంది, తెలుగువాళ్ళూ ఉన్నారు, పిల్లలూ ఉన్నారు.

పాతకాగితం:
చెప్పొచ్చు, కానీ "మనవాళ్ళ మేఫ్లవర్" అనొద్దు. వీళ్ళు వలస కట్టిన యజమానులు కారు, ఒప్పందం మీద చెరకు తోటలకు పోయిన కూలీలు. పోలిక ఒక్క చోటే కుదురుతుంది, జాబితాలో. అక్కడ ప్రతి మనిషికీ ఒక నంబరు, చంటిపిల్లలకూ. మూడో పీరియడు దొరికితే ఆ పేజీ ఒకటి అచ్చుతీసి పక్కపక్కన పెట్టండి.

మూడో బెంచీ:
చివరగా, చావుల సంగతి. మొదటి చలికాలంలో సగం మంది పోయారు. కార్డు పట్టుకున్న పిల్లకి "నువ్వు చచ్చిపోయావు" అనాలా?

పాతకాగితం:
అలా అనొద్దు, కార్డు వెనక కూడా రాయొద్దు. కార్డులన్నీ వెనక్కి తీసుకుని, గోడ మీది జాబితా పక్కన రెండో గడి మీరే నింపండి. బ్రాడ్‌ఫోర్డ్ కూడా రెండు భాగాలుగానే రాశాడు: ముందు ఎవరొచ్చారు, తర్వాత ఎవరేమయ్యారు.

భార్యలుగా వచ్చిన 18 మందిలో 1621 శరత్కాలానికి మిగిలింది నలుగురు. ఆ లెక్కన పిల్లలు ఎక్కువమందే బతికారు, తల్లుల్లేకుండా. మేరీ చిల్టన్, ఎలిజబెత్ టిల్లీ అమ్మానాన్నలిద్దర్నీ పోగొట్టుకున్నారు. హ్యుమిలిటీని తర్వాత ఇంగ్లండు పంపేశారు. మేరీ అలర్టన్ 1699 దాకా ఉంది, ఆ ఓడ ప్రయాణికుల్లో ఆఖరున పోయింది ఆమె. మోర్ పిల్లల్లో జాస్పర్ డిసెంబరు 6న ఓడలోనే పోయాడు, ఎలెన్, మేరీ ఆ చలికాలంలోనే. రిచర్డ్ ఒక్కడే మిగిలాడు. పెద్దయ్యాక ఓడల్లోనే బతికాడు. సేలంలో అతని సమాధిరాయి ఇప్పటికీ ఉంది. బోస్టన్ వైపు వెళ్ళేవాళ్ళుంటే ఆ రాయి ఫొటో తెచ్చిపెట్టమనండి.

మూడో బెంచీ:
సరే. మొదటి పీరియడులో కార్డులు, టేపు, ఇసుక. రెండోదాంట్లో కాలరేఖ, బిస్కత్తు, పటుక్సెట్, చివర గడి. బిస్కత్తులు 24కి ఎన్ని కిలోల పిండి?

వంటింటిశాస్త్రం:
అరకిలోకి 20 పైన వస్తాయి. కిలో తడపండి, సగం మీరు విరిచి చూడ్డానికే పోతాయి. శుక్రవారం రాత్రి కాల్చండి, శనివారం రాత్రి దాకా ఎండకపోతే 100 డిగ్రీల మీద ఇంకో గంట పెట్టడానికి వ్యవధి ఉంటుంది.